చామంతి చెవిపోగు

చామంతిని గోశాలకి ఇచ్చేద్దామని ఉమామహేశ్వరి అన్నప్పుడు శివరామకృష్ణ చారన్నం కలుపుకుంటున్నాడు. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మాత్రం పెరట్లో కాసిన అరటికాయలు ఎవరికో పంపుదామన్నంత మామూలుగా ఆ మాట అనేసి, మజ్జిగ గిన్నె ఆయన కంచం దగ్గరికి జరిపింది.

"నెల తిరిగేసరికి ఈనబోయే ఆవుని ఇచ్చేయడమేమిటి ఉమా?" అన్నాడు.

"అందుకే ఇచ్చేద్దామంటున్నాను. అక్కడ చూసుకోడానికి మనుషులుంటారు. ఇక్కడ ఎవరున్నారు?"

నేను లేనా అని అడగబోయాడు. కాని ఆ పొద్దున్నే తను వేసిన పలుపుముడి ఊడిపోయి, చామంతి పక్కదొడ్లో బంతిమొక్కలు మేసేసిన సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాడు.

నిజానికి ఆ ఇంట్లో ఆవులంటే ఉమామహేశ్వరివే. శివరామకృష్ణ రామచంద్రపురం హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరయినవాడు. ఐనవిల్లి దగ్గరి ఆ పల్లె నుంచి పొద్దున్నే బయల్దేరి, ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గౌతమి దాటి, కోటిపల్లిలో బస్సు పట్టుకుంటే, మళ్ళీ ఇంటికి చేరేది దీపాల వేళకే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయనకి తెలిసిందల్లా గ్లాసులో పోసిన పాలూ, గిన్నెలో తోడుకున్న పెరుగూ. వాటి వెనక ఉన్న పేడా, కుడితీ, తవుడూ, ఈతలూ, జ్వరాలూ అన్నీ ఆవిడే చూసుకునేది.

ఆ ఆవుల మూలం కూడా ఆవిడ పుట్టిల్లే. పెళ్ళయి కాపురానికి వచ్చేటప్పుడు వాళ్ళ నాన్నగారు రాజోలు నుంచి అరణంగా ఒక పెయ్యనిచ్చి పంపించారు. దాని సంతతే కపిల. కపిల కూతురు చామంతి. తరవాత నాన్నగారు పోయారు. అన్నదమ్ములు ఇల్లు అమ్ముకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. "మీ పుట్టింటివాళ్ళు ఎక్కడుంటారండీ?" అని ఎవరైనా అడిగితే, "మా పాకలోనే ఉంటారు" అని ఉమామహేశ్వరి నవ్వేసేది.

పోయిన వైశాఖంలో ఒక మధ్యాహ్నం, ఎండ ఇంకా పూర్తిగా పోకుండానే మబ్బు కమ్మి, వాన కన్నా ముందు పిడుగు దిగింది. కొబ్బరితోటలో చెట్టుకి కట్టి ఉన్న కపిల నించున్నచోటనే పడిపోయింది. దూరంగా మేస్తున్న చామంతికీ, ముసలి ఆవు వరాలుకీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఉమామహేశ్వరి పాకలో అడుగు పెట్టలేదు. కుడితి కలిపి పెరటి గుమ్మం దాకా తెచ్చి ఆయన చేతికిస్తుంది. "రాత్రి మేత తిన్నాయా?" అని అడుగుతుంది. అంతే. బాల్చీ పట్టుకుని వెళుతూ, వెనకనుంచి చూస్తోందేమోనని ఆయన ఒకటి రెండు సార్లు తిరిగి చూశాడు. అప్పటికే లోపలికి వెళ్ళిపోయేది.

బెంగ అనుకున్నాడు. నాలుగు రోజులు పోతే తగ్గుతుందనుకున్నాడు. ఇప్పుడు కంచం ముందు కూర్చుంటే తెలిసింది, తగ్గలేదు సరికదా, లోలోపల ముదిరిందని.

మర్నాడు పొద్దున్న పేడ ఎత్తుతుంటే పక్కదొడ్లోంచి బంగారరాజు పలకరించాడు. నాలుగు గేదెలున్న రైతు. పలుపు ముడి వెయ్యడం దగ్గర్నుంచి గడ్డి మోపు కట్టడం దాకా శివరామకృష్ణకి ఈ వయసులో దొరికిన గురువు అతనే. పోయిన బంతిమొక్కలు అతనివే అయినా ఆ ఊసెత్తలేదు.

"మేస్టారండీ, చామంతికి బీమా రాయించేరా?"

"బీమానా? ఆవుకా?"

"ఆయ్. ఈ వారమంతా డాక్టరమ్మగారు రాస్తన్నారండి. సగం పైన గవర్నమెంటే కడతదంటండి. పోయినేడు నాదో గేదె పోయింది కదండీ, బీమా ఉండబట్టి ఇంకోటి వచ్చిందండి. లేపోతే ఆ గుంజ అలా ఖాళీగానే ఉండేదండి."

ఖాళీ గుంజ అన్న మాట శివరామకృష్ణ మనసులో పడిపోయింది. తమ పాకలో కపిల గుంజ ఇంకా ఖాళీగానే ఉంది. చామంతిని అక్కడ కట్టడానికి ఆయనకి చేతులు రాలేదు. స్నానం చేసి, సంధ్య వార్చుకుని, గొడుగు పుచ్చుకుని పశువుల ఆసుపత్రికి బయల్దేరాడు.

డాక్టరు నీహారిక ఈ ఊరికి కొత్త. వయసులో చిన్నదే గాని తొందరలేని మనిషి. ఎదురుగా ఉన్న బెంచీ మీద ఆయన్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. తేల్చుకోవలసినవి రెండు సంగతులు. బీమా ఒక ఏడాదికా, మూడేళ్ళకా అన్నది ఒకటి. ఆవు చనిపోతేనే పరిహారమా, లేక బతికి ఉండి కూడా పాడికీ చూలుకీ పనికిరాకుండా పోతే అప్పుడు కూడానా అన్నది రెండోది. అలా రెండూ కలిపి తీసుకుంటే కాస్త ఎక్కువ కట్టాలి.

"మీకేది కావాలి మాస్టారూ?"

"నేను చెప్పేది కాదమ్మా. ఆవు మా ఆవిడది. ఆవిడ చెప్పాలి."

"అయితే రేపు అమ్మగారిని తీసుకురండి."

ఆయన గొడుగు పిడి వైపు చూసుకున్నాడు. "ఇక్కడిదాకా ఎక్కడ వస్తుంది తల్లీ. మా పాకలోకే రావడం మానేసింది."

నీహారిక మరేమీ తరిచి అడగలేదు. "ఎలాగూ ఆవుని చూసి, చెవికి పోగు వెయ్యాలి కదండీ. రేపు మధ్యాహ్నం నేనే వస్తాను" అంది.

ఈ సంగతి ఇంట్లో చెప్పడానికి శివరామకృష్ణ సాయంత్రం దాకా తచ్చాడాడు. చివరికి ఆవిడ చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తుంటే, ఎదురుగా పీట వేసుకుని తనూ రెండు కాయలు చేతిలోకి తీసుకున్నాడు.

"చామంతికి బీమా రాయిద్దామనుకుంటున్నాను."

ఆవిడ తలెత్తలేదు. "చస్తే డబ్బులిస్తారు. అదేగా?"

"అదే అనుకో."

"బతికున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని చావు బేరమాడటం నా వల్ల కాదండీ. గోశాలకి ఇచ్చేద్దామన్నాను, ఇచ్చేద్దాం. అక్కడ ఏమైనా నా కళ్ళ ముందు కాదు."

శివరామకృష్ణకి ఓదార్పు శ్లోకాలు చాలానే వచ్చు. క్లాసులో ఎన్నిటికో అర్థం చెప్పినవాడు. ఒక్కటీ నోటికి రాలేదు. తల వంచుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాడు.

"ఈనెలతో పాటు కాయలు కూడా పారేస్తున్నారు" అంటూ ఆవిడ ఆయన చేతిలోవి తీసేసుకుంది. మాటలో కోపం లేదు. అలసట ఉంది.

నీహారిక అన్నట్టే మర్నాడు మధ్యాహ్నం స్కూటీ మీద వచ్చింది. బంగారరాజు గోడ దాటి వచ్చి చామంతి ముకుతాడు పట్టుకున్నాడు. డాక్టరు పళ్ళు చూసింది, పొదుగు తడిమింది, డొక్క మీద అరచెయ్యి ఆనించి కాసేపు కదలకుండా నించుంది.

"దూడ బాగా కదులుతోంది మాస్టారూ. రండి, మీరూ చెయ్యి పెట్టి చూడండి."

శివరామకృష్ణ మొహమాటపడుతూ చెయ్యి పెట్టాడు. చర్మం కింద ఏదో చిన్న మోకాలు లాంటిది తన్ని వెళ్ళిపోయింది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసేసి, మళ్ళీ పెట్టాడు.

డాక్టరు సంచిలోంచి పసుప్పచ్చటి పోగూ, దాన్ని నొక్కి వేసే పట్కారూ తీసింది. సరిగ్గా అప్పుడే, ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చెయ్యకపోతే బాగుండదని, ఉమామహేశ్వరి కాఫీ గ్లాసులతో పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"అదేమిటి?"

"చెవిపోగమ్మా. బీమా ఆవుకి గుర్తు ఉండాలి కదా."

"చెవికి చిల్లు పెడతారా!"

కాఫీ గ్లాసులు గుమ్మం మీదే ఉండిపోయాయి. ఆవిడ పెరడు దాటి, పాకలోకి వచ్చేసి, చామంతికీ ఆ పట్కారుకీ మధ్య నించుంది. ఎక్కడ అడుగు పెట్టానన్న ధ్యాస కూడా ఆవిడకి ఉన్నట్టు లేదు. చామంతి మాత్రం తల తిప్పి ఆవిడ జబ్బ మీద మూతి పెట్టి గట్టిగా ఊపిరి వదిలింది.

"చెవులు కుట్టడమంటే ముహూర్తం ఉండదా? మేనమామ ఉండడా? నోట్లో బెల్లం ముక్కయినా పెట్టకుండా మీ పాటికి మీరు పొడిచేస్తారా?"

కోపంలో వచ్చిన మాట. బంగారరాజు నవ్వు ఆపుకోడానికి పక్కకి తిరిగాడు. శివరామకృష్ణ నవ్వలేదు. ఆ ఇంట్లో పిల్లలు పుట్టలేదు. చెవులు కుట్టే వేడుక ఎన్నడూ జరగలేదు.

"నిజమే. ముహూర్తం చూడాలి" అని లోపలికి వెళ్ళి, కళ్ళజోడూ పంచాంగమూ తెచ్చుకుని పాక అరుగు మీద కూర్చున్నాడు.

డాక్టరు కూడా తొందరపడలేదు. పట్కారు కింద పెట్టేసింది. ఉమామహేశ్వరి చామంతి చెవి చేతిలోకి తీసుకుని, వేళ్ళతో మెల్లగా రాస్తూ, ఉన్నట్టుండి అడిగింది.

"ఇంతకీ ఎలా పోతే ఇస్తారు?"

"రోగమొచ్చి పోయినా, ఈనేటప్పుడు కష్టమై పోయినా ఇస్తారమ్మా. పాము కరిచినా, వరదొచ్చినా, తుఫానొచ్చినా, కరెంటు తీగ తగిలినా, పిడుగు పడినా..."

"పిడుగు పడినానా?"

"అవునమ్మా, పిడుగు పడినా ఇస్తారు."

"పిడుగు పడుతుందని వాళ్ళకి ముందే ఎలా తెలుసు?"

"ఏటా ఎక్కడో అక్కడ పడుతూనే ఉంటాయి కదమ్మా. పోయిన వేసవిలో ఈ చుట్టుపక్కల చాలా పశువులు పోయాయని చెప్పేరు. అందుకే అదీ కలుపుతారు."

ఉమామహేశ్వరి చామంతి చెవి వంకే చూస్తూ, "చెట్టుకి కట్టేసినవాళ్ళకి ఇవ్వరేమో" అంది. ఆ గొంతు శివరామకృష్ణకి కొత్తగా వినిపించింది. పంచాంగం పేజీ తిప్పుతున్న వేలు ఆగింది.

"చెట్టుకి కడితే ఏమమ్మా?" నీహారికకి అర్థం కాలేదు.

"ఆవేళ ఈయన అమలాపురం వెళుతూ, ఆవుల్ని పాకలోనే ఉంచు, మబ్బు పట్టేలా ఉంది అన్నారు. పాకలో ఉడికిపోతోంది, తోటలో గాలన్నా ఆడుతుందని నేనే తీసుకెళ్ళి కట్టేను. పాలు తీసే వేళకి విప్పుకొద్దామని ఇలా నడుం వాల్చేను. కాస్త కన్నంటుకుంది." ఆవిడ చామంతి చెవి వదల్లేదు. "చప్పుడికి లేచేను. నా చేత్తో కట్టిన ముడి అమ్మా. బిగించి కట్టేను, ఊడకుండా."

శివరామకృష్ణకి తను ఆ మాట అన్నట్టు కూడా జ్ఞాపకం లేదు. గుమ్మం దాటుతూ ఏదో అని ఉంటాడు. ఆ ముక్కని ఆవిడ వైశాఖం నుంచి గుండెలో పెట్టుకుని, ఈ పాక గుమ్మం తొక్కకుండా తిరుగుతోందా!

నీహారిక కుడితి తొట్టి అంచు మీద కూర్చుంది. "అమ్మా, కోనసీమలో ఆవుని కొబ్బరిచెట్టుకి కాక దేనికి కడతారండీ? వేసవిలో పిడుగుకి పోయినవాటిలో చాలావరకు చెట్టుకి కట్టినవేనంట. మీరు కట్టేరని పిడుగు పడలేదు. పడింది, అంతే. బీమావాళ్ళు కూడా దాన్ని ఎవరి తప్పు కిందా రాయరు."

"మరి దేని కింద రాస్తారు?"

"ఆపద కింద రాస్తారమ్మా."

బంగారరాజు ముకుతాడు పట్టుకునే, నేల చూస్తూ అన్నాడు. "ఆవేళ నా గేదెలూ చెట్లకే ఉన్నాయండి అమ్మగారండీ. మా చెట్టు మీద పడలేదు. అంతేనండి తేడా."

ఉమామహేశ్వరి చామంతి మెడ మీద మొహం ఆనించింది. భుజాలు కదులుతున్నాయి గాని చప్పుడు లేదు. శివరామకృష్ణ లేచి వెళ్ళి పక్కన నించున్నాడు. పరాయివాళ్ళ ముందు భార్య భుజం మీద చెయ్యి వేసే అలవాటు ఆయనకి లేదు. చామంతి వీపు మీద, ఆవిడ చేతికి దగ్గరగా, తన చెయ్యి పెట్టాడు.

"నాతో చెప్పొచ్చు కదా ఉమా."

"మీరు తిట్టరుగా" అంది ఆవిడ, మొహం ఎత్తకుండానే. "తిట్టేవారైతే ఆవేళే చెప్పేద్దును."

ఆయన కండువా తీసి అందించాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ముక్కు కూడా తుడుచుకుని, అదే కండువాతో చామంతి కంటి కింద పట్టిన పుసి తుడిచి, ఆయన చేతిలో పెట్టేసింది.

"ముహూర్తం ఏమన్నా కనిపించిందా?" అంది మామూలు గొంతుతో.

"వచ్చే గురువారం దాకా మంచిది లేదు."

నీహారిక ఇబ్బందిగా కదిలింది. "అన్నాళ్ళు ఆగితే కష్టమండీ. ప్రమాదాలకైతే వెంటనే వర్తిస్తుంది. రోగాలకీ, ఈనేటప్పుడు వచ్చే ఇబ్బందులకీ మాత్రం మొదట కొన్నాళ్ళు గడవాలి. ఇవాళ మొదలుపెడితేనే ఈనే వేళకి ఆ గడువు దాటుతుంది."

శివరామకృష్ణ పంచాంగం మూసేశాడు. "అయితే గోధూళి వేళకి పెట్టుకుందాం. ఆ వేళకి తిథితోనూ వారంతోనూ పనిలేదు. ఆవులు ఇంటికొచ్చే వేళ, ఆవుకి చెవులు కుట్టడానికి అంతకన్నా మంచిదేముంది?"

ఆయన ఇదంతా నిజంగానే అంటున్నాడా అన్నట్టు ఉమామహేశ్వరి భర్త మొహంలోకి చూసింది. నిజంగానే అంటున్నాడు.

డాక్టరు సాయంత్రం మళ్ళీ వస్తానని లేచింది. లేచి, "మరి ఏది రాయమంటారమ్మా? రెండు రకాలున్నాయి" అంటూ ఆవిడకీ అంతా మళ్ళీ విడమరిచి చెప్పింది. ఉమామహేశ్వరి శ్రద్ధగా విని, మొదట రెండో సంగతి తేల్చేసింది.

"పాలివ్వకపోతే, చూలు కట్టకపోతే నష్టమని కదా ఆ ఎక్కువ కట్టేది? పాలివ్వకపోయినా నేను దాన్ని అమ్మను. నాకు లేని నష్టానికి వాళ్ళ దగ్గర పుచ్చుకోవడమేమిటి? అది వద్దు."

"వైద్యానికి పనికొస్తుంది కదమ్మా. ఆలోచించండి."

"వైద్యానికి ఈయన పెన్షనుంది. ప్రాణానికి ఒక్కదానికే రాయండి. అదిగో, వరాలుకి కూడా."

"వరాలుకి వయసు దాటిపోయిందమ్మా. ఇప్పుడు తీసుకోరు."

ఉమామహేశ్వరి పాక చివర నెమరేస్తున్న వరాలు వైపు చూసింది. "పోనీలెండి. దానికి నేనున్నాను."

"చామంతి ధర ఎంత వేయమంటారు?"

"ఆ మాట నాకు చెప్పొద్దు. మీరూ మీరూ చూసుకోండి."

"సరే. ఇక ఒకటే మిగిలింది. ఏడాదికా, మూడేళ్ళకా?"

గోశాలకి వెళ్ళే ఆవుకి ఏ లెక్కా అక్కరలేదు. ఏడాదికి అంటే ఆవిడ మనసు ఇంకా ఊగుతోందన్నమాట. శివరామకృష్ణ కండువాని మడత మీద మడత పెడుతూ నించున్నాడు.

ఉమామహేశ్వరి వంగి కింద రాలిన గడ్డిపోచలు ఏరింది. చామంతికి అందించి, అది నమిలేదాకా చూసింది.

"మూడేళ్ళకే రాయండి" అంది.

ఆ సాయంత్రం పొద్దు కొబ్బరిమట్టల కిందకి దిగేసరికి చామంతి స్నానం చేసి, నుదుట పసుపూ కుంకుమా పెట్టుకుని, కొమ్ములకి బంతిపూల దండ చుట్టుకుని సిద్ధంగా ఉంది. బంతిపూలు బంగారరాజు పెళ్ళాం కాంతమ్మ తెచ్చింది, మీ ఆవు వదిలిపెట్టినవి ఇవేనండి అని నవ్వుతూ. మేనమామ పాత్ర బంగారరాజుకి దక్కింది. అతను ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి, చామంతి తల ఒళ్ళోకి తీసుకున్నట్టు పట్టుకుని, బెల్లం ముక్క నోట్లో పెట్టాడు. శివరామకృష్ణ గొంతు సవరించుకుని మంత్రం అందుకున్నాడు. వేల మంది పిల్లలకి పాఠం చెప్పిన ఆ గొంతు మొదటి రెండు మాటల దగ్గర తడబడింది. తరవాత నిలదొక్కుకుంది.

పట్కారు టక్కుమంది. చామంతి ఒక్కసారి తల విదిలించి, బెల్లం కోసం మేనమామ చెయ్యి నాకడం మొదలుపెట్టింది. ఉమామహేశ్వరి మాత్రం తన చెవి తనే పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"అయిపోయిందమ్మా. రండి, ఆవు పక్కన నిలబడండి. ఫొటో కావాలి" అంది నీహారిక ఫోను తీసి.

ఉమామహేశ్వరి కొంగు సర్దుకుని నిలబడింది. చామంతి కదులుతుంటే గంగడోలు దువ్వుతూ, "కదలకు తల్లీ, బాగా పడాలి" అంది. కాంతమ్మ నానబెట్టిన శనగలూ బెల్లమూ అందరి చేతుల్లోనూ పోసింది. డాక్టరుకి తాంబూలం కూడా ముట్టింది. స్కూటీ ఎక్కుతూ ఆ పిల్ల, "ఉద్యోగంలో చేరాక ఎన్ని పోగులు వేశానో తెలీదండీ. తాంబూలం తీసుకోవడం ఇదే" అంది.

ఆ మర్నాటి నుంచి కుడితి బాల్చీ గుమ్మం దగ్గర ఆగలేదు. గోశాల మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, ఆయనా గుర్తుచెయ్యలేదు. శివరామకృష్ణని మొదటివారంలోనే పేడ పని నుంచి తప్పించింది. "మీరు ఎత్తినచోట మళ్ళీ నేను ఎత్తుకోవాల్సొస్తోంది" అని.

ఫాల్గుణంలో ఒక ఉదయం చామంతికి నొప్పులు మొదలయ్యాయి. తొలిచూలు. నీళ్ళసంచి పగిలి చాలాసేపయినా దూడ కాలు ఒక్కటే కనిపిస్తోంది, రెండోది కనపడదు. ఉమామహేశ్వరి చూసి, "ఫోను చెయ్యండి" అంది. ఆవిడ మొహం పాలిపోయింది గాని పాకలోంచి కదల్లేదు. చామంతి తల దగ్గర చతికిలబడి, దాని బుగ్గ తన మోకాలి మీద పెట్టుకుని, ఏవేవో చెపుతూ కూర్చుంది. వాళ్ళ నాన్నగారి ఊసు, మొదటి పెయ్య పడవలోంచి దిగనని మొరాయించిన ఊసు, కపిల చిన్నప్పుడు వంటింట్లోకి దూరిన ఊసు. కపిల పేరు ఆవిడ నోట రావడం వైశాఖం తరవాత అదే మొదలు. శివరామకృష్ణ వేడినీళ్ళు తెస్తూ, తీసుకెళ్తూ, ఒక్కో ముక్క వింటున్నాడు.

నీహారిక వచ్చి మోచేతుల పైదాకా కడుక్కుని లోపల చెయ్యి పెట్టింది. ముడుచుకుపోయిన కాలుని వెతికి, మెల్లగా చాపి, ముందుకి తెచ్చి, రెండు కాళ్ళకీ తాళ్ళు కట్టింది. "ఇప్పుడు అది ముక్కినప్పుడే లాగండి, ఊరికే లాగొద్దు" అంది. బంగారరాజు ఒక తాడు, శివరామకృష్ణ ఒక తాడు పట్టుకున్నారు. ముక్కినప్పుడల్లా లాగారు. శివరామకృష్ణ పంచె బురదయింది, కళ్ళజోడు ఎక్కడో పడింది. చివరికి దూడ ఒక్కసారిగా జారి గడ్డి మీద పడింది.

చలనం లేదు. నీహారిక ముక్కులూ నోరూ తుడిచి, డొక్కలు రుద్ది, గడ్డిపోచ తీసి ముక్కులో తిప్పింది. చామంతి అరిచింది. దూడ తుమ్మింది. మళ్ళీ తుమ్మి, తల ఊపింది.

"మగదూడండి" అన్నాడు బంగారరాజు కాసేపటికి, కొంచెం జంకుతూ. పుట్టింటి వరస నిలవాలంటే పెయ్య పుట్టాలని ఉమామహేశ్వరి మొక్కుకున్న సంగతి అతనికీ తెలుసు.

ఆవిడ దూడని కొంగుతో తుడుస్తోంది. "పుట్టాల్సినవాడే పుట్టేడు" అంది. "ఏం బంగారరాజుగారూ, నిన్నటిదాకా మేనమామ. ఇవాళ తాతయ్యేరు."

చామంతి లేచి నించుని దూడని నాకడం మొదలుపెట్టాక, డాక్టరు చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. శివరామకృష్ణ అరుగు మీద కూలబడ్డాడు. ఉమామహేశ్వరి వచ్చి పక్కన కూర్చుని, గడ్డిలో దొరికిన కళ్ళజోడు తుడిచి ఆయనకి పెట్టింది.

"ఈ వయసులో మంత్రసాని పని కూడా నేర్చుకున్నారు" అంది. అని, పరాయివాళ్ళున్నారని కూడా చూడకుండా ఆయన భుజం మీద తల వాల్చింది.

మర్నాడు వంటిల్లంతా బెల్లమూ మిరియాలూ యాలకులూ కలిసి కాగిన వాసన. ఉమామహేశ్వరి జున్ను వండింది. ముక్కలు కోసి డబ్బాల్లో సర్దుతుంటే, శివరామకృష్ణ గుమ్మంలో నించుని, ప్రతి ఈతకీ చెప్పే మాటే మళ్ళీ చెప్పాడు. ఈనిన ఆవు పాలు పదిరోజుల దాకా ముట్టకూడదని శాస్త్రం.

"మీ శాస్త్రం మీరు పాటించండి. కాంతమ్మకో డబ్బా ఇచ్చి, డాక్టరమ్మకి ఆసుపత్రిలో ఇచ్చేసి వస్తాను" అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ.

"నువ్వే వెళతావా?"

"ఆటో ఉంది కదండీ. ఆ పిల్ల ఒంటరిగా ఉంటోందట, ఒక్కసారి చూసినట్టూ ఉంటుంది."

ఆవిడ వెళ్ళిపోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. పాకలోంచి దూడ అరుపు సన్నగా వినిపిస్తోంది. శివరామకృష్ణ కాసేపు పేపరు చదివాడు. మంచినీళ్ళు తాగడానికని వంటింట్లోకి వెళ్ళాడు. అలమరలో మూతపెట్టిన గిన్నె ఉంది. మూత తీసి చూశాడు. పెట్టేశాడు. మళ్ళీ తీసి, మూలనున్న చిన్న ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. మిరియం ఘాటు మెల్లగా గొంతులోకి దిగింది.

ఉమామహేశ్వరి ఎండ తిరిగే వేళకి వచ్చింది. చెప్పులు విడిచి, కాళ్ళు కడుక్కుని, ముందు పాకలోకి వెళ్ళి చూసుకుని, తరవాత వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె మూత చప్పుడయింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. శివరామకృష్ణ పేపరు మొహానికి అడ్డంగా పెట్టుకున్నాడు.

"ఏవండీ, ఇంకో ముక్క పెట్టనా?" అని లోపలినుంచి వినిపించింది.

"పెట్టు" అన్నాడు.